ఎవరి పాపానికి ఎవరి సిలువ?

తెలుగులో పాపం అనే మాట చిత్రమైంది. తప్పు చేసినవాడిదీ పాపమే, దెబ్బ తిన్నవాణ్ణి చూసీ 'అయ్యో పాపం' అంటాం. మా నాయనమ్మ ఈ రెండు పాపాల్నీ ఒకే గొంతుతో పలికేది. తెల్లారుజామున మోకాళ్ల మీద కూచుని 'పాపిని, నేను పాపిని' అని ఏడ్చేది. లేచి కొంగుతో మొహం తుడుచుకుని, పక్కింటి పాలేరు పిల్లగాణ్ణి చూసి 'పాపం, వాడికింత గంజి పొయ్యండే' అనేది.

ఆమె చేసిన పాపమేందో నాకు ఎంత వెతికినా దొరకలేదు. పొగాకు నాట్లకు పోయింది. మిరపకాయలు కోసింది. ఏడుగుర్ని కని ముగ్గుర్ని మిగుల్చుకుంది. ఒకరి కూలి ఎగ్గొట్టలేదు, ఒకరి చేను కలుపుకోలేదు, ఒకరి బావిలో నీళ్లు తోడొద్దని ఎవరినీ కొట్టలేదు. ఇవన్నీ చేసినవాళ్లు ఊళ్లో ఉన్నారు. వాళ్లు మోకాళ్లమీద పడి ఏడ్చినట్టు మేమెప్పుడూ వినలేదు. మరి పాపి ఎవరు?

మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మకు ఆమడ దూరంలో మాదిగపల్లె. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసినవాణ్ణి నేనే మొదటివాణ్ణి గానీ బైబిలు మాత్రం నాలుగు తరాలుగా ఉంది. సర్కారు బళ్లో సోషల్ చెబుతాను. నాయనమ్మ ఏడుపు వెంటబడి పోతే అది నన్ను మా వాడ చరిత్రలోకీ, అక్కణ్ణించి రోము దాకా తీసకపోయింది.

ముందుగా ఒక మాట చెప్పాలి. మమ్మల్ని పాపులన్నది పాదిరీలే మొదటివాళ్లు కాదు. వాళ్లు రాకముందే ఊరు ఆ మాట అంది. పోయిన జన్మలో ఏం చేసుకున్నావో, ఈ జన్మలో మాదిగోడివై పుట్టావు అన్నది. ఇది చాలా గట్టి తీర్పు. నేరం ఏందో ఎవరికీ తెలీదు, సాక్షి లేడు, అప్పీలు లేదు, శిక్ష మాత్రం పుట్టుకతోనే మొదలు. శిక్ష వేసేవాడికి దోషం అంటదు. పైగా వాడు ధర్మం నిలబెడుతున్నట్టు లెక్క. కర్మ సిద్ధాంతంలో మాదిగ ఒక్కడే ముద్దాయి.

ఇలాంటి చోటికి 1866లో ఒంగోలుకు జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ వచ్చాడు. మా వైపు క్లౌ దొర అంటారు. అదే ఏడు యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పుచ్చుకున్నాడు. పేరయ్య తోళ్ల బేరం చేసే మాదిగ. ఏమీ తెలీక దొర చెప్పిందానికి తలూపినవాడు కాదు. అంతకుముందే రాజయోగం సాధన చేసినవాడు, గురువుల వెంట తిరిగినవాడు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద రాసిన పుస్తకంలో పేరయ్య కథ చాలా ఉంది. మావాళ్లకు బుర్ర లేదనీ, వేదాంతం తెలీదనీ అనేవాళ్లు అది చదవాలి. వెతుకులాట మాకు ముందునుంచీ ఉంది, అది రాసుకునే పలక లేదు.

ఒంగోల్లో క్లౌ దగ్గరికి మొదట్లో పైకులాల వాళ్లూ కొందరు వచ్చారు. మాదిగలు రావడంతో వాళ్లు వెళ్లిపోయారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని చెప్పేశారు. ఆ రాత్రి దొర ఒక గదిలో, దొరసాని ఒక గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు కంటబడిందట, దేవుడు తక్కువవాళ్లను ఏరుకున్నాడని పౌలు రాసిన చోటు. ఈ కథ మా గుళ్లలో ఇప్పటికీ చెబుతారు. నాకు మాత్రం అందులో దైవికం కన్నా కులమే ముందు కనపడుతుంది. తెల్లవాడి దేవుడు కావాలి, మాదిగోడి పక్కన చాప వద్దు!

బాప్తిస్మం అడిగిన మాదిగలకు దొర పెట్టిన షరతులు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చెయ్యగూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినగూడదు. విగ్రహాలకు మొక్కగూడదు. చూడటానికి ఇవి మత నియమాలు. మా వాడ గడప మీద నిలబడి చూడండి, వేరుగా కనపడతాయి. ఆదివారం పని మానడమంటే కామందు పిలిచిన రోజు పోకపోవడం. వారంలో ఒక రోజు నాదీ అనడం. విగ్రహం ముట్టననడమంటే అమ్మవారి కొలుపులో డప్పు కొట్టననడం. చచ్చిన గొడ్డు తిననంటే, ఊరు ఆ గొడ్డును కూలి కింద లెక్కగట్టడం ఇక చెల్లదనడం. కూలిచ్చేది తక్కువ, చచ్చిన పశువు నీదేలే అనేది ఎక్కువ. ఆ లెక్క తెగిపోయింది. పాపం మానడం అనే పేరుతో మావాళ్లు వెట్టి మానారు. ఊరి పెద్దలకు ఇది బాగా అర్థమైంది. అందుకే క్రైస్తవులైన మాదిగల్ని బావుల దగ్గరికి రానియ్యలేదు, పనులు మాన్పించారు, దొంగ కేసులు బనాయించారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. దాన్ని నేను వదలను. చచ్చిన గొడ్డు తినడం తిన్నవాడి పాపం ఎట్లా అయింది? బతికున్న గొడ్డు పాలు ఊరికి, చచ్చిన గొడ్డు వాడకి అని పంచిపెట్టినవాడి పాపం కాదా? వాడ ఒప్పుకోలు చెప్పింది, ఊరు చెప్పలేదు. మా నాయనమ్మ ఏడుపు బహుశా ఇక్కడ మొదలైంది. అవ్వల నాటి ఒప్పుకోలు అది. తినకపోతే చచ్చేవాళ్లు, తిన్నందుకు పాపులయ్యారు.

అంబేద్కర్ దీన్ని సూటిగా పట్టుకున్నాడు. మతం మారినవాళ్ల స్థితి మీద ఆయన రాసిన వ్యాసం ఆయన రచనల అయిదో సంపుటంలో ఉంది. అంటరానివాడు పడిపోయింది చుట్టూ ఉన్న సమాజం వల్ల. క్రైస్తవం అతనికి అది నీ పాపం వల్ల అని నేర్పితే, అతను సమాజాన్ని మార్చే పనికి ఎందుకు పూనుకుంటాడు అన్నది ఆయన ప్రశ్న. ఏ సండే స్కూల్లోనూ మాకు ఈ వ్యాసం గురించి చెప్పలేదు.

ఇంగ ధాత కరువు. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధాని అంతా లక్షలాది మంది చచ్చారు. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనిలో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. ఆ పని చేసేది ఎండలో మట్టి తవ్వి మొయ్యడం. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని మావాళ్లను దింపాడు. నేను బళ్లో ఆ కాలువ పేరు వచ్చినప్పుడల్లా పుస్తకంలో లేకపోయినా తవ్వినవాళ్ల సంగతి చెబుతాను. మీ తాత ముత్తాతల తట్ట అందులో ఉందిరా అంటాను.

'గంజి కోసం మతం మారినోళ్లు' అని మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లకు ఒక తేదీ చెప్పాలి. కరువు సాయం నడిచిన పదిహేను నెలలు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. పనులు అయిపొయ్యాక, ఇచ్చేదేమీ లేనప్పుడు జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ముంచినవాళ్లు దొరలు కారు, మన ప్రసంగీకులే, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి వంతులేసుకున్నారు. ఆ ఏడు ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. ఎవరూ నీళ్లు తాకనియ్యని మనుషులు పొద్దంతా ఏటి నీళ్లలో నిలబడ్డారు. నా మటుకు నాకు బాప్తిస్మం మీద ఇంతకన్నా పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు.

వాళ్లు ఏం విని వచ్చారు? అందరూ పాపులే అన్న మాట విని వచ్చారని నేననుకుంటాను. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో ఉన్న మాట, భేదం లేదు, అందరూ తప్పిపోయారన్నది. మనకు ఇది తిట్టులా వినపడుతుంది. కర్మ కింద నలిగినవాడికి వేరుగా వినపడింది. బ్రాహ్మడూ పాపే! కరణం, మునసబు, కామందు కూడా అదే వరసలో నిలబడాలి! మాదిగ ఒక్కడే ముద్దాయి అయిన కోర్టులోకి ఊరంతటినీ ఈడ్చుకొచ్చిన మాట అది. తరవాత్తరవాత ఆ వరసలో మేమొక్కళ్లమే మిగలడం వేరే కథ.

సిలువ సంగతికొద్దాం. మా గుళ్లో సిలువ అంటే గోడకు తగిలించిన నున్నటి చెక్క. రోములో అది బానిసల శిక్ష. తిరగబడ్డవాళ్లకు, పౌరసత్వం లేనివాళ్లకు వేసే శిక్ష. మర్యాదస్తుడైన రోమన్ పౌరుడి కంటికీ చెవికీ ఆ మాటే సోకగూడదని సిసెరో వాదించాడు. మన భాషలో చెప్పాలంటే మాటకు కూడా మైల. క్రీస్తుకు పూర్వం 71లో స్పార్టకస్ వెనక నడిచిన బానిసల్లో ఆరు వేల మందిని కాపువా నుంచి రోము దాకా బాట పొడుగునా సిలువేశారు. యేసు పుట్టిన రోజుల్లోనే, క్రీస్తుపూర్వం 4లో, యూదుల తిరుగుబాటును అణచడానికి వచ్చిన వారుస్ రెండు వేల మందిని సిలువేశాడని జోసెఫస్ రాశాడు. 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో మడమ ఎముక దొరికింది, మేకు అందులోనే దిగి ఉంది. అంటే సిలువ ఒక్క మనిషికోసం చేసింది కాదు. అది ఒక పాలన పద్ధతి. బాట పక్కన వేలాడదీసి, నువ్వెవరో గుర్తుంచుకో అని చెప్పడం. ఆయన తల మీద పెట్టిన పలకలో నేరం కూడా రాశారు, యూదుల రాజు అని. అది పూర్తిగా రాజకీయ నేరం.

హెబ్రీయులకు రాసిన పత్రిక ఆయన గవిని వెలుపట శ్రమపడ్డాడంటుంది. గవిని అంటే ఊరి ద్వారం. దానికి ముందు వాక్యంలో బలి పశువుల కళేబరాలను పాళెం బయట కాల్చేవాళ్లని ఉంది. రక్తం లోపలికి, కళేబరం బయటికి. ఈ వాక్యం మాదిగకు ఎవరైనా విడమర్చి చెప్పాలా? ఊరి బయట కళేబరం దగ్గర కూచున్న జాతి మాది. 1980లలో అరవింద్ నిర్మల్ లాంటివాళ్లు దళిత థియాలజీ అని మొదలుపెట్టి యేసు దళితుడే అన్నప్పుడు పెద్ద పెద్దవాళ్లు ఉలిక్కిపడ్డారు. మా వాడలో చదువురాని ముసలమ్మ ఎవరూ ఉలిక్కిపడేది కాదు.

ఆయన చావు మన పాపానికి పరిహారం ఎట్లా అయింది అన్నదాని మీద క్రైస్తవంలోనే ఒక మాట లేదు. ఇది మా పాస్టర్లు చెప్పరు. నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగొరీ, సైతాను గాలానికి చిక్కిన చేప అన్నాడు. మనిషి దేహం ఎర, లోపల దైవం కొక్కెం. చదివి నవ్వుకున్నాను గానీ గుండ్లకమ్మలో చేపలు పట్టినవాళ్లకు బాగానే ఉంటుంది. 1098లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ వేరే లెక్క గట్టాడు. పాపం అంటే దేవుడి పరువుకు పడ్డ బాకీ, మనిషి తీర్చలేడు, దేవుడే మనిషై తీర్చాలి. ఆ కాలంలో ఐరోపాలో జమీందార్ల రాజ్యం. దొర పరువు తీస్తే దొరకి కట్టాలి. అన్సెల్మ్ దేవుడు మా కామందులాగే కూచుని ఉంటాడు, చేతిలో ఖాతా పుస్తకం. తరవాతి తరం అబెలార్డుకు ఇది నచ్చలేదు. అమాయకుడి రక్తం అడిగే దేవుడేం దేవుడన్నాడు. సిలువలో కనపడిన ప్రేమే మనిషిని మారుస్తుందన్నాడు. 1930లో స్వీడన్ పండితుడు గుస్తాఫ్ అవులేన్, అసలు పాతవాళ్లు చెప్పింది విజయం సంగతి, మనిషిని పట్టిన దుష్టశక్తుల్ని సిలువ మీద ఓడించడం అని గుర్తు చేశాడు.

నేను అన్సెల్మ్‌ను తప్పుబడతాను గానీ బాకీ అనే మాటను వదలను. మా తాత పన్నెండేళ్లు ఒకే ఇంట్లో పాలేరు. ప్రోనోటు మీద వేలిముద్ర. పెళ్లికి తెచ్చిన అప్పు మిత్తితో పెరిగి నాయన దాకా వచ్చింది. కొలొస్సయి పత్రికలో మన మీద ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టేశాడని పౌలు అంటాడు. ఆ గ్రీకు మాటకు అర్థం అచ్చంగా చేత్తో రాసిచ్చిన అప్పు కాగితం. మన బైబిల్లో మార్కు సువార్తలో విమోచన క్రయధనం అనే మాట ఉంది. అది బానిసను విడిపించడానికి కట్టే సొమ్ము. తాత ఈ వాక్యాలు చదివించుకుని వినేవాడట. ఆయనకు అవి పరలోకం సంగతులు కావు. అన్సెల్మ్ అప్పు తీర్చడం గురించి మాట్లాడాడు. తాత విన్నది కాగితం చింపడం గురించి. కట్టాల్సింది ఎంతో ఎవడు తేల్చాడు, ఎవడి లెక్క అది అన్నది తాత ప్రశ్న. దొంగ లెక్కను తీర్చేవాడు కాదు, చించేవాడు కావాలి.

1985 జులై 17న మా జిల్లాలోనే కారంచేడు జరిగింది. మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే అడ్డుకున్న ఆమె పేరు మున్నంగి సువార్త. బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు, ఆడపిల్లల్ని చెరిచారు. చచ్చినవాళ్లలో మోషేలున్నారు. బైబిలు పేర్లు పెట్టుకున్న వాడ మీద గొడ్డళ్లు, బరిసెలు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది మాలల్ని చంపి గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008. చుండూరులో పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. రక్తం చిందకుండా క్షమాపణ లేదని హెబ్రీ పత్రిక అంటుంది. ఇక్కడ రక్తం చిందింది. క్షమాపణ అడిగినవాడు లేడు.

చుండూరు తరవాతి ఆదివారం మా చుట్టుపక్కల ఒక గుళ్లో అయ్యగారు క్షమించమని ప్రసంగం చేశారట. యేసు సిలువ మీద క్షమించాడు, మనమూ శత్రువుల్ని క్షమిద్దామన్నారు. మా నాయన అప్పటికి పాతికేళ్లవాడు. లేచి నిలబడి, అయ్యగారూ, జక్కయ్య సంగతి చెప్పండి అన్నాడు. జక్కయ్య పన్నులు గుంజిన మనిషి. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆ మాట అన్నాకనే ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. 'క్షమించడం మాకు చేతనవును. నాలుగింతలు ఎవరిస్తారో అది కూడా చెప్పండి' అన్నాడు నాయన. అయ్యగారు కీర్తన ఎత్తుకున్నారు.

గుళ్లోపల కులం లేదని నేననను. మాల గుడి, మాదిగ గుడి, రెడ్లకూ కమ్మలకూ వేరే గుళ్లు. ఒకే రొట్టె ఒకే పాత్ర, సమాధులు మాత్రం వేరు. దీని మీద ఎంతైనా రాయొచ్చు, రాసినవాళ్లున్నారు.

మా ఇంట్లో పాపం గురించి జరిగిన అసలు గొడవ సర్టిఫికెట్ దగ్గర. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కాని అంటరానివాణ్ణి షెడ్యూల్డ్ కులం కాదంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మమ్మల్ని కలపలేదు. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ కలపమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలకు రాష్ట్రంలో బీసీ-సి అని ఒక్క శాతం పెట్టారు. గుడికి పోయినా చెరువు దగ్గర తన్నులు తప్పలేదు గానీ కాగితం మీద మాత్రం అంటరానితనం పోయింది! నాయన నన్ను బళ్లో చేర్చేటప్పుడు మతం గడిలో క్రిస్టియన్ అనే రాయించాడు. మా మేనమామ ఆయన కొడుకులకు హిందూ అని రాయించాడు. పండక్కి ఇద్దరూ కలిస్తే ఇదే తగువు.

'అబద్ధ సాక్ష్యం పాపం గాదా బావా?' అనేవాడు నాయన.

'నిజం చెబితే అన్నం తీసేసే గవర్నమెంటుది బావా ఆ పాపం. నాది గాదు.'

'పేతురు గూడా ఎరగనన్నాడు మూడుసార్లు. కోడి గూసింది.'

'కూస్తే కూసిందిలే. ఆ పేతురు మీదనే గదా సంఘం గట్టింది!'

నాయన నవ్వేవాడు గానీ ఒప్పుకునేవాడు కాదు. నేను డీఎస్సీ-2014లో బీసీ-సి కింద ఉద్యోగంలో చేరాను. మామ కొడుకులిద్దరికీ ఉద్యోగాలొచ్చాయి. వాళ్లు మాతోనే గుడికొస్తారు, వెనక బెంచీలో కూచుంటారు. పదో ఆజ్ఞ మీదైనా ప్రసంగం ఉంటుంది గానీ ఈ తొమ్మిదో ఆజ్ఞ మీద మా వైపు ఏ అయ్యగారూ పెద్దగా మాట్లాడరు. మామ మాటలో న్యాయముందని నాకనిపిస్తుంది. ఒక జాతినంతటినీ రెండు పేర్లతో బతకమన్న చట్టం పాపం ఎవరి ఖాతాలో రాయాలి? దానికి ప్రాయశ్చిత్తం ఎవరు చెయ్యాలి?

మా గుళ్లో గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటలకు ఏడుగురు మాట్లాడతారు. నాకు సాధారణంగా నాలుగో మాట ఇస్తారు, తండ్రి నన్నెందుకు వదిలేశావని అడిగిన మాట. పోయినసారి మాత్రం నేను దాని ముందు కురేనీయుడైన సీమోను సంగతి ఎత్తుకున్నాను. పల్లెటూరినించి వస్తున్న మనిషి. ఆయనకూ ఆ కేసుకూ సంబంధం లేదు. సైనికులు పట్టుకుని సిలువ మోయించారు. మార్కు అక్కడ వాడిన గ్రీకు మాట సర్కారు పనికి మనుషుల్నీ పశువుల్నీ బలవంతాన పట్టుకోవడానికి వాడే మాట. వెట్టి అని చెప్పాను.

ఆరాధన అయ్యాక ఎనభై దాటిన ఒక పెద్దాయన చెట్టు కింద కూచోబెట్టుకున్నాడు. 'వెట్టి అంటే నాకు తెలుసు పంతులూ. నాకు పదేళ్లుంటయ్. ఊళ్లోకి ఎవరో ఆఫీసరు వచ్చాడు. మా నాయన జొరంతో పండుకోనుంటే నన్ను బట్టకపొయ్యారు. పెట్టె నెత్తిన బెట్టి పక్కూరి దాకా మోయించారు. దించినాక నీళ్లడిగితే దొన్నెలో పైనించి పోశారు. ఆ సీమోనుకి నీళ్లన్నా ఇచ్చారంటావా?'

బైబిల్లో రాయలేదు తాతా అన్నాను.

'ఇచ్చుండరు,' అన్నాడు ఆయన. 'ఇస్తే రాసుండేవోళ్లు.'